నా మోరిస్ మైనర్ నోరు నొక్కమని ఎవరు చెప్పారు?

కారును గ్యారేజీలో బ్రేకులు చూడమని ఇచ్చాను. బ్రేకులు మాత్రమే. సాయంత్రం వెళ్లి తాళం తిప్పితే కారు నోరు మెదపలేదు!

నాది 1960 నాటి మోరిస్ మైనర్, 948 సీసీ. తాళం తిప్పగానే బానెట్ కింద పెట్రోలు పంపు టకటకా కొట్టుకుంటుంది. కార్బురేటర్ నిండేకొద్దీ నెమ్మదించి, చివరికి ఆగుతుంది. అప్పుడు స్టార్టర్ మీట లాగాలి. పదకొండేళ్లుగా నా ఉదయాలు ఆ చప్పుడుతోనే మొదలవుతున్నాయి. "పాత పంపు పీకేసి కొత్తది వేశాం, ఇక చప్పుడు ఉండదు" అన్నాడు గ్యారేజీ కుర్రవాడు, మహోపకారం చేసినట్టు. నిన్ను ఎవరు అడిగారు నాయనా? పంపు లోపల కరెంటును కలిపి విడదీసే పాయింట్లు నల్లబడితే అది మొరాయిస్తుంది, నిజమే. స్పానర్‌తో చిన్నగా తడితే మళ్లీ కదులుతుంది. ఇంటికొచ్చి పాయింట్లు శుభ్రం చేసుకుంటే సరిపోతుంది. ఇంత తేలిగ్గా బాగయ్యేదాన్ని పారేస్తారా?

ఇక్కడ బర్మింగ్‌హామ్‌లో మనవాళ్లు నలుగురు కలిస్తే చాలు, "ఆ డొక్కు ఇంకా ఎందుకండీ" అని మొదలుపెడతారు. నలభై ఏళ్లు దాటిన కారుకు ఈ దేశం రోడ్డు పన్ను మాఫీ చేసి గౌరవిస్తోంది. మనవాళ్లకు మాత్రం డొక్కు! ఈ కారు రూపకర్త ఇసిగోనిస్ దీన్ని గీసినప్పుడు వెడల్పు చాలలేదనిపించి, నమూనా కారును నిలువునా రెండుగా కోయించి నాలుగంగుళాలు ఎడంగా జరిపి చూశాడు. ఆ నాలుగంగుళాలు బానెట్ నడుమ పట్టీలా ఇప్పటికీ ఉన్నాయి. పాలిష్ పెట్టేటప్పుడు వేళ్లకు తగులుతాయి. కంపెనీ అధినేత మోరిస్ దొరకే ఇది నచ్చలేదు, పోచ్‌డ్ ఎగ్‌లా ఉందని ఈసడించాడు. 1948లో బయటికొచ్చిన ఆ కారే తయారైన సంఖ్య పది లక్షలు దాటిన తొలి బ్రిటిష్ కారయింది.

డొక్కు అన్న మాట నాకు కొత్త కాదు. రాజమండ్రిలో మా నాన్నగారి అంబాసిడర్‌ను మా తమ్ముడూ అదే మాటన్నాడు. అంబాసిడర్ అంటే ఎవరనుకున్నారు? మోరిస్ ఆక్స్‌ఫర్డే, మా మైనర్‌కు పెద్దమ్మ కొడుకు. 2014లో కోల్‌కతా దగ్గరి ఉత్తరపారాలో దాని తయారీ ఆగిపోయింది. ఆ ఏడాదే తమ్ముడు నాన్నగారి కారును పాత ఇనుము వ్యాపారికి తూకానికి ఇచ్చేశాడు. నాకు ఫోన్ చేసి, "అన్నయ్యా, వాకిట్లో చోటు ఖాళీ అయింది" అన్నాడు, శుభవార్త చెబుతున్నట్టు! నాన్నగారి అరచేయి ఆనీ ఆనీ స్టీరింగ్ ఒకవైపు నున్నగా తేలి ఉండేది. ఆ స్టీరింగ్ ఒక్కటైనా విప్పి ఉంచలేకపోయాడా? అమ్మే ముందు నన్నొక మాట అడగడానికి ఫోన్ లేదా? చోటట! ఆ వాకిట్లో ఇప్పుడు విరిగిన ప్లాస్టిక్ కుర్చీలు ఉన్నాయి.

పాత పంపును గ్యారేజీ చెత్తడబ్బాలోంచి నా చేతులతోనే ఏరి తెచ్చుకున్నాను. వంటింటి బల్ల మీద వార్తాపత్రిక పరిచి విప్పాను. పాయింట్లు నల్లబడ్డాయి, అంతకు మించి ఏమీ లేదు. శనివారం బిగిస్తాను. వాళ్ల పంపు వాళ్లకు తిరిగి ఇచ్చేస్తాను, దానికి మాత్రం ఒక్క పౌండు కూడా కట్టేది లేదు.