కబురు అందితే ప్రాణాలు దక్కినట్టేనా?

"బ్లాక్‌చెయిన్, మెష్ నెట్‌వర్క్ ఉంటే చాలు. వాటిలో అబద్ధం చొరబడదు, ఇంటర్నెట్ కట్ చేసినా కబురు ఆగదు, ప్రభుత్వ కేంద్రాలతో పనిలేదు, హెచ్చరిక అందితే ప్రాణాలు దక్కినట్టే." బ్లాక్‌చెయిన్ అంటే ఒకే వివరాన్ని ఎన్నో కంప్యూటర్లలో, తర్వాత మార్చలేకుండా రాసిపెట్టే పుస్తకం లాంటిది. మెష్ నెట్‌వర్క్ అంటే టవర్లు, ఇంటర్నెట్ లేకుండా ఒక ఫోన్ నుంచి పక్క ఫోన్‌కు కబురు దాటించే ఏర్పాటు. తుఫాను వచ్చినా, అల్లర్లు జరిగినా ఈ వాదన మళ్లీ షేర్ అవుతూనే ఉంటుంది. పూర్తిగా తప్పని కొట్టిపారేయలేం, అదే చిక్కు. అందుకే ఒక్కో ముక్కా విడిగా చూద్దాం.

మొదటిది, అబద్ధం చొరబడదన్న మాట. రాసింది మారకుండా బ్లాక్‌చెయిన్ కాపలా కాస్తుంది, నిజమే. అసలు రాసిందే అబద్ధమైతే దానికెలా తెలుస్తుంది? "పక్క ఊరివాళ్లు కత్తులతో వస్తున్నారు" అని ఎవడో ఎక్కిస్తే ఆ పుకారూ అంతే భద్రంగా ఉండిపోతుంది. ముందే ఉప్పందించిన మనిషి పేరో, ఉన్న చోటో పొరపాటున అందులో పడితే చెరిపే దారి ఉండదు. అకౌంట్ పుస్తకానికైతే అది మంచి గుణమే. ప్రాణభయంతో ఉన్నవాళ్ల వివరాలకు మాత్రం గండం.

పుకార్లను నిజంగా ఎదుర్కొన్న చోట ఏం చేశారో చూడండి. కెన్యాలోని తానా డెల్టాలో 2012-13లో పొకోమో రైతులకూ ఒర్మా పశువుల కాపరులకూ మధ్య జరిగిన దాడుల్లో వంద మందికి పైగా చనిపోయారు. అక్కడి భయాన్ని పెంచినవాటిలో పుకార్లూ ఉన్నాయి. ఆ తర్వాత సెంటినెల్ ప్రాజెక్ట్ అనే సంస్థ అక్కడ 'ఉనా హకీకా' అనే సేవ మొదలుపెట్టింది. ఎవరైనా ఏదైనా విన్నారంటే మామూలు ఫోన్ నుంచి ఎస్సెమ్మెస్ పెడతారు. ఊళ్లలోని వాలంటీర్ల ద్వారా అది నిజమో కాదో కనుక్కుని, తేలిన సంగతి తిరిగి జనానికి చెబుతారు. ఇందులో గొప్ప టెక్నాలజీ ఏమీ లేదు. వెళ్లి అడిగే మనిషిని ఇరువైపులవాళ్లూ నమ్మడమే కీలకం.

రెండోది, ఇంటర్నెట్ కట్ చేసినా కబురు ఆగదన్నది. ఇది చాలావరకు ఒప్పుకోవచ్చు. కాకపోతే ఫోన్లలోని బ్లూటూత్ మామూలుగా పదుల మీటర్ల దూరమే పనిచేస్తుంది, పైగా మధ్యలో అదే యాప్ ఉన్న ఫోన్లు వరుసగా ఉండాలి. లోరా అనే, చిన్న మెసేజ్‌లు పంపే రేడియోలు కిలోమీటర్ల దూరం అందుకుంటాయి కానీ వాటిలో ఒక్కో మెసేజ్‌కి దొరికేది సుమారు రెండు వందల బైట్లు. తెలుగులో హల్లు, పొల్లు, గుడి లాంటి ఒక్కో గుర్తుకు మూడు బైట్లు పోతాయి, 'స్త్రీ' అన్న ఒక్క అక్షరానికే పద్దెనిమిది. ఎటు వెళ్లాలో, ఏ దారి మునిగిందో అందులోనే ఇరికించాలి. భద్రత సంగతి మరీ ఘోరం. 2019లో హాంకాంగ్ నిరసనకారులు వాడిన బ్రిడ్జ్‌ఫై యాప్‌ను మరుసటి ఏడాది పరిశోధకులు పరీక్షిస్తే, వాడుతున్నదెవరో గుర్తుపట్టవచ్చనీ, ప్రైవేటు మెసేజ్‌లు చదవవచ్చనీ తేలింది.

కేంద్రాలతో పనిలేదన్న మాటకు పెద్ద చర్చ అక్కర్లేదు. ఆండ్రాయిడ్ ఫోన్లు భూకంపాన్ని పసిగట్టే ఏర్పాటులో కూడా కదలికను గుర్తించేది వేల ఫోన్లు, అది భూకంపమేనని తేల్చేది సర్వర్. బంగ్లాదేశ్‌లో 1970 తుఫానుకు కనీసం మూడు లక్షల మంది పోయారు. ఇప్పుడు అక్కడ మెగాఫోన్లు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగే వేలాది వాలంటీర్లున్నారు. వాళ్లకు కబురు వచ్చేది మాత్రం వాతావరణ శాఖ నుంచే. అయితే ప్రభుత్వ హెచ్చరిక కేంద్రం నుంచి కబురు రాని రోజు ఊరే ఊరిని కాపాడుకున్నదీ ఉంది. 2004 సునామీ నాడు పుదుచ్చేరి దగ్గర నల్లవాడులో, సింగపూర్ నుంచి వచ్చిన ఒక ఫోన్ కాల్‌తో, ఊళ్లోని విజ్ఞాన కేంద్రం మైకుతో జనాన్ని ఖాళీ చేయించారు. ఆ మైకు, దాన్ని వాడే మనుషులు అక్కడ అంతకుముందే ఉన్నారు.

ఇక చివరిది, అసలైనది: హెచ్చరిక అందితే చాలన్నది. 1994 జనవరి 11న రువాండాలోని ఐక్యరాజ్య సమితి దళాధిపతి రోమియో డలేర్ న్యూయార్క్‌కు సందేశం పంపారు. ఆయుధాలు దాచిన చోటు తెలిసిందనీ, టుట్సీ అనే అక్కడి మైనారిటీ తెగవాళ్ల పేర్లు నమోదు చేయిస్తున్నారనీ, అది వాళ్లను చంపడానికేనన్న అనుమానం ఉందనీ అందులో ఉంది. సందేశం చేరింది, పైవాళ్లు చదివారు. ఆయుధాలు పట్టుకోవడానికి మాత్రం అనుమతి ఇవ్వలేదు. ఏప్రిల్ నుంచి సుమారు వంద రోజుల్లో ఎనిమిది లక్షల మంది దాకా హతమయ్యారు. అదే సందేశం వెయ్యి కంప్యూటర్లలో నమోదై ఉన్నా, అనుమతి ఇవ్వాల్సినవాళ్లు వాళ్లే.