సవరణ: బీఎన్‌పీ, బీఎంపీ గురించి రాసినదానికి

మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్‌లో, అంటే అమెరికా డాక్టర్లు చెప్పి రికార్డు చేసిన డిక్టేషన్ విని రోగి రికార్డు టైప్ చేసే పనిలో, ల్యాబ్ పరీక్ష పేరు సరిగా వినిపించకపోతే పక్కన చెప్పిన అంకెను బట్టి పోల్చుకోవచ్చని మొన్న రాశాను. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు ఇంటి నుంచే ఈ పని చేస్తున్న మనవాళ్లలో కొందరు, అంకె సరిపోతే పేరు నింపేయొచ్చని అర్థం చేసుకున్నారు. దాన్ని ఇలా మార్చి చదవండి: అంకె అనుమానాన్ని తగ్గిస్తుంది, అంతే. పేరును ఖాయం చేయదు.

బీఎన్‌పీ, బీఎంపీలనే తీసుకోండి. ఆడియో బాగా లేకపోతే రెండూ ఒకేలా వినిపిస్తాయి. బీఎన్‌పీ గుండె మీది భారాన్ని చూపే ఒక్క పరీక్ష, ఒక్క అంకె. బీఎంపీ (బేసిక్ మెటబాలిక్ ప్యానెల్) అంటే కొన్ని రక్తపరీక్షల గుంపు; అందులో సోడియం, పొటాషియం, క్లోరైడ్, బైకార్బనేట్, బీయూఎన్ (రక్తంలోని యూరియా నైట్రోజన్), క్రియాటినిన్, గ్లూకోజ్, కాల్షియం కలిపి 8 ఉంటాయి. వెంటనే "సోడియం 138" అని వినిపిస్తే అది దాదాపుగా బీఎంపీయే. కానీ డాక్టరు "నార్మల్" అని ఊరుకుంటే? రోగికి ఆయాసం, కాళ్ల వాపు ఉన్నాయి కదా అని బీఎన్‌పీ రాసేయకండి. అలాంటివాళ్లకు రెండూ చేయిస్తారు. చేయని బీఎన్‌పీ నార్మల్ అని రికార్డులో పడితే, తర్వాత చూసే డాక్టరు గుండె సంగతి పక్కన పెట్టేసే ప్రమాదం ఉంది.

మన దగ్గర రిపోర్టుల్లో తరచుగా కనిపించేది బ్లడ్ యూరియా, అమెరికా డాక్టర్లు చెప్పేది బీయూఎన్. బీయూఎన్ 20 అంటే యూరియా సుమారు 43 (2.14తో గుణించాలి). అందుకే బీయూఎన్ అంకెను మనకు అలవాటైన యూరియా అంకెలతో పోల్చి చూడకండి.

వినిపించని చోట వదిలే ఖాళీలు పెరిగితే క్వాలిటీ స్కోరు తగ్గుతుందన్న టెన్షన్ నిజమే. అయినా సరే, ఖాళీ వదిలి, ఆడియోలో ఏ నిమిషం, ఏ సెకనో రాసి ఎడిటర్‌కు పంపండి.