'రికార్డులను వెతుకుతుంది' అంటే సరిపోయిందా, డాక్యుమెంటేషన్ గారూ?

సెర్చ్ టూల్ డాక్యుమెంటేషన్ గారికి,

ఉభయకుశలోపరి. ఇన్నేళ్లూ మిమ్మల్ని ఎవరూ చదవలేదు, ఆ సంగతి మీకూ తెలుసు. బిజినెస్ సాఫ్ట్‌వేర్ మీద పనిచేసే డెవలపర్ మీ పేజీ తెరిచేది ఉదాహరణ కాపీ చేసుకోవడానికే. అదీ పనిచేయకపోతే పక్క సీట్లో సీనియర్‌ని అడుగుతాడు, ఆయన మీ మీద ఓ జోకు వేసి అసలు విషయం చెప్తాడు. అలా మీ బతుకు హాయిగా సాగిపోయింది. ఇప్పుడు మీకు కొత్త పాఠకుడు దొరికాడు. ఏఐ ఏజెంట్, అంటే మనం అడిగిన పనిని టూల్స్ వాడి తనే చేసిపెట్టే ప్రోగ్రామ్. మీలో ప్రతి అక్షరం చదువుతాడు, ప్రతిసారీ కొత్తగా చదువుతాడు, పైగా మీరు చెప్పిందంతా నమ్ముతాడు. నాకు టెన్షన్ మొదలైంది అక్కడే.

ఎందుకంటే ఏజెంట్‌కి డేటాబేస్ కనిపించదు. టూల్ పేరు, దాని వివరణ, ఏ పారామీటర్‌లో ఏం పెట్టాలో చెప్పే స్కీమా, ఇంతే వాడి ప్రపంచం. అంటే మీరే వాడి ప్రపంచం. ఇంత బాధ్యత నెత్తిన పెట్టుకుని మీరు రాసిందేమిటి? 'ఈ టూల్ రికార్డులను వెతుకుతుంది.' ఏ షరతులతో వెతకాలో చెప్పే డొమైన్ ఎదురుగా 'సెర్చ్ డొమైన్'. ఎన్ని రికార్డులు ఇవ్వాలో చెప్పే లిమిట్ ఎదురుగా 'లిమిట్'. మొదట్లో ఎన్ని వదిలేయాలో చెప్పే ఆఫ్‌సెట్ ఎదురుగా ఏముందో నేను వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

సరే, ఖాళీ లిస్టు సంగతి చూద్దాం, నా అసలు గొడవ దాని గురించే. ఫలానా కస్టమర్ మన దగ్గర ఉన్నారా అని మేనేజర్ అడిగారు, ఏజెంట్ వెతికాడు, ఖాళీ బ్రాకెట్లు వచ్చాయి. దీనికి ఎన్ని అర్థాలుండొచ్చో మీకు తెలుసు కదా? నిజంగానే లేకపోవచ్చు. పేరు ఇంకోలా రాసి ఉండొచ్చు. ఆ యూజర్‌కి చూసే పర్మిషన్ లేకపోవచ్చు, రికార్డు గ్రూపులో ఇంకో కంపెనీ కింద ఉండొచ్చు. లేదా ఎవరో దాన్ని ఆర్కైవ్ చేసి, అంటే తుడిచేయకుండా పక్కన పెట్టేసి, ఉండొచ్చు. ఓడూలాంటి బిజినెస్ సాఫ్ట్‌వేర్‌లో ఆర్కైవ్ చేసినవి మామూలు సెర్చ్‌లో రావు, ప్రత్యేకంగా అడిగితేనే వస్తాయి. అడగాలని తెలిస్తే కదా అడగడానికి! మీరు దాని గురించి ఒక్క ముక్క రాయలేదు, కాబట్టి ఏజెంట్ ఎంతో మర్యాదగా 'అలాంటి కస్టమర్ ఎవరూ లేరండి' అని చెప్పి, అంతటితో ఊరుకోకుండా, క్రియేట్ టూల్ కూడా చేతిలో ఉంది కదా అని కొత్తగా ఒకరిని సృష్టించేశాడు. పాత బాకీ పాత పేరు మీద, కొత్త ఆర్డర్ కొత్త పేరు మీద. క్రెడిట్ లిమిట్ తనిఖీ దర్జాగా పాసైపోయింది.

లిమిట్ విషయంలో మీ మౌనం ఇంకా ఖరీదైనది. ఏమీ ఇవ్వకపోతే మొదటి 80 రికార్డులే వస్తాయని చెప్పకపోతే, ఏజెంట్ ఆ 80 ఇన్‌వాయిస్‌లు కూడి, పైసలతో సహా, 'మొత్తం రావలసిన బాకీ ఇది' అని రిపోర్టు ఇస్తాడు. తప్పు అంకె తడబడుతూ వస్తే అనుమానమైనా వచ్చేది. మొత్తం ఎన్ని ఉన్నాయో ఫలితంతో పాటే చెప్పండి, కూడికలు కావాలంటే గ్రూప్ చేసి లెక్కవేసే టూల్ వేరే ఉందని అక్కడే రాయండి. రెండు వాక్యాలు, అంతే కదా!

ఇక పేర్ల గోల. ఓడూలో 2019లో వచ్చిన 13వ వెర్షన్‌తో ఇన్‌వాయిస్‌లు ఉండే 'అకౌంట్ డాట్ ఇన్‌వాయిస్' పోయి అంతా 'అకౌంట్ డాట్ మూవ్'లో కలిసిపోయింది. మనం పంపిన బిల్లు, మనకు వచ్చిన బిల్లు, క్రెడిట్ నోట్, మామూలు జర్నల్ ఎంట్రీ అన్నీ ఒకే టేబుల్లో ఉంటాయి, రకం ఏదో ఫిల్టర్ పెట్టకపోతే అన్నీ కలిపి చేతిలో పెడుతుంది, డ్రాఫ్టులతో సహా. ఆ రకం చెప్పే ఫీల్డు కూడా 13లో 'టైప్', 14లో 'మూవ్ టైప్'. ఏజెంట్ వెనకున్న ఏఐ మోడల్ నేర్చుకున్న కోడ్‌లో పాతవీ కొత్తవీ కలిసే ఉంటాయి, కాబట్టి మీరు చెప్పకపోతే దానికి గుర్తొచ్చిన పేరు వాడేస్తుంది. డొమైన్‌లో 'లేదా' అనే గుర్తు రెండు షరతుల మధ్య కాదు, వాటికి ముందు రావాలి. దీనికి ఒక ఉదాహరణ ఇస్తే చాలు. తేదీ, సమయం ఓడూ యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో, దాచుకుంటుందనీ రాయండి, లేకపోతే 'నిన్నటి ఆర్డర్లు' అన్న మాటకు అర్థం గంటల తేడాతో మారిపోతుంది.

ఇదంతా విని మీరు పొంగిపోయి నలభై పేజీలు అవుతారేమో, వద్దు. మీరు పెరిగే కొద్దీ ఏజెంట్ కాంటెక్స్ట్‌లో, అంటే వాడు ఒకేసారి చూడగలిగినంత జాగాలో, అసలు పనికి చోటు తగ్గుతుంది, చదివే మాటల ముక్కలకు, అంటే టోకెన్లకు, అయ్యే బిల్లు పెరుగుతుంది. చరిత్ర, ఆర్కిటెక్చర్, 'శక్తిమంతమైన, సులభమైన' లాంటి విశేషణాలు తీసేయండి. ఫలితాల్లో ఏం రాదో, టూల్‌ని ఎప్పుడు వాడకూడదో చెప్పండి. ఎర్రర్ మెసేజ్ కూడా మీ కుటుంబమే, 'ఇన్‌వాలిడ్ డొమైన్' అని కసురుకోకుండా ఏ ఫీల్డు లేదో, దగ్గరగా ఏది ఉందో చెప్తే వాడే సరిదిద్దుకుంటాడు.

అన్నట్టు, మీ పేజీ అడుగున 'ఆటోమేటిక్‌గా తయారైంది' అని చిన్న అక్షరాల్లో చూశాను. అంటే మిమ్మల్ని రాసింది కూడా ఏఐయే, కోడ్ చూసి. చదివేదీ ఏఐయే. మధ్యలో, కస్టమర్‌ని ఎందుకు ఆర్కైవ్ చేస్తారో తెలిసిన అకౌంట్స్ మనిషిని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. ఆవిడ సీట్లోనే ఉన్నారు, ఒకసారి వెళ్లి అడగండి. కాకపోతే ఇవాళ కొంచెం బిజీ, డూప్లికేట్ కస్టమర్లను మెర్జ్ చేస్తున్నారు.

ఇట్లు,
మిమ్మల్ని మొదటి నుంచి చివరిదాకా చదివిన మనిషి