సముద్రంలో కరెంటుంది, జాగ్రత్త!

తెలుగులో కరెంటు అంటే ఒకటే. పోయేది, వచ్చేది, బిల్లు కట్టేది, తడిచేత్తో ముట్టుకోకూడనిది. విద్యుత్తు అనే మాటని పత్రికలకీ ఉపన్యాసాలకీ వదిలేశాం. ఇంట్లో ఫ్యాను ఆగిపోతే ఎవరూ "విద్యుత్తు పోయింది" అని అరవరు. ఇంగ్లీషువాడి దగ్గర మాత్రం ఈ మాట ఇంకా చాలా చోట్ల కొలువు చేస్తోందనీ, వైర్లలోకి రాకముందు కొన్ని వందల ఏళ్ళు నీళ్ళలోనే ఉండేదనీ మనకెవరూ చెప్పలేదు. చెప్పినా మా బాబాయి వినే రకం కాదు.

బాబాయి కరెంటు డిపార్ట్‌మెంటులో లైన్‌మన్‌గా చేరి లైన్ ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యాడు. స్తంభాలెక్కడం మానేశాడు గానీ చొక్కా జేబులో టెస్టరు పెట్టుకోవడం మానలేదు. సంతకం పెట్టమంటే ముందు అదే బయటికొస్తుంది. ఎవరింటికి వెళ్ళినా మొదట స్విచ్‌బోర్డుల్ని పలకరించి, ఆ తరవాత మనుషుల్ని పలకరిస్తాడు.

మొన్న రెండు కుటుంబాలం కలిసి సముద్రం చూడ్డానికి వెళ్ళాం. రెండోది బాబాయి వియ్యంకుడి కుటుంబం. ఆయన కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారు. ఆయనకి ఏ ఇంగ్లీషు మాటకైనా నాలుగేసి అర్థాలు తెలుసు. మా బాబాయికి ఒక్కొక్కటే తెలుసు, కానీ అది షాకు కొట్టించుకుని నేర్చుకున్నది. మర్చిపోవడం కష్టం.

ఇసకలోకి దిగే చోట ఎర్ర బోర్డొకటి పాతి ఉంది. "డేంజర్. స్ట్రాంగ్ కరెంట్స్." చదవగానే బాబాయి రెండు చేతులూ బార్లా చాపి అందర్నీ అక్కడే నిలబెట్టేశాడు.

"ఎవరూ దిగొద్దు. నీళ్ళలోకి సప్లై వస్తోంది."

"సముద్రంలో కరెంటేమిటండీ, విడ్డూరం కాకపోతే!" అంది పిన్ని.

"నాకు చెబుతున్నావా? ఎక్కడో కేబుల్ తెగుంటుంది. అసలే ఉప్పునీళ్ళు. మంచినీళ్ళకంటే ఉప్పునీళ్ళలో కరెంటు ఇంకా హాయిగా పాకుతుంది."

ఆ చివరి ముక్క అక్షరాలా నిజం. ఆయనతో వచ్చిన చిక్కే అది. చెప్పేదాంట్లో సగం శాస్త్రం ఉంటుంది, ఏ సగమో మనం తేల్చుకునేలోపు మిగతా సగం కూడా నమ్మేస్తాం. పిల్లలు నోళ్ళు తెరుచుకుని సముద్రం వంక చూస్తున్నారు. మా తమ్ముడైతే నాలుగడుగులు వెనక్కి వేశాడు. వాడు ఇంజనీరింగు చదివాడు.

బాబాయికి బోర్డు మీద కూడా కోపం వచ్చింది. "ఇదేం బోర్డు? ఎన్ని వోల్టులో వెయ్యలేదు. పుర్రె బొమ్మ లేదు. సింగిల్ ఫేజో త్రీ ఫేజో లేదు." మళ్ళీ ఓసారి చదివి, "కరెంట్స్ అన్నాడు, బహువచనం. మూడు ఫేజులూ ఉన్నట్టే" అని తేల్చేశాడు.

మాస్టారు గొడుగు వెతుక్కుంటూ కారు దగ్గరే ఉండిపోయారు. ఆయన ఉండుంటే కథ ఇక్కడితో అయిపోయేది.

అప్పుడు బాబాయి పంట్లాం మోకాళ్ళదాకా మడిచాడు. కాళ్ళకున్నవి రబ్బరు చెప్పులేనని ఒకటికి రెండుసార్లు చూసుకున్నాడు. ఎడమ చెయ్యి వీపు వెనక పెట్టుకున్నాడు (రెండో చెయ్యి దేనికీ తగలకూడదట). కుడిచేత్తో టెస్టరు పట్టుకుని, బొటనవేలు దాని టోపీ మీద ఆనించి, గొంతుక్కూర్చుని వస్తున్న అల కోసం ఎదురుచూశాడు. అల వచ్చింది. పొడిచాడు. అల వెనక్కి పోయింది. గొంతుక్కూర్చునే దాని వెంట నాలుగడుగులు వేసి మళ్ళీ పొడిచాడు. ఈసారి వచ్చింది మాత్రం పొడిపించుకునే రకం కాదు. బాబాయిని నడుందాకా తడిపి, ఒక గుక్క తాగించి, ఒడ్డు మీద కూలేసి పోయింది. ఆ గందరగోళంలోనూ ఆయన కళ్ళు టెస్టరులో ఉండే చిన్న నియాన్ దీపం మీదే ఉన్నాయి. సముద్రం వైపు ఎండకి చేతిని అడ్డం పెట్టుకుని మరీ చూశాడు. అది వెలగలేదు.

"సప్లై లేదు. ఎల్‌సీ తీసుకున్నట్టున్నారు. దిగొచ్చు" అని ప్రకటించాడు. తెలియనివాళ్ళకి చెబుతున్నా, ఎల్‌సీ అంటే లైన్ క్లియర్. స్తంభం ఎక్కేముందు అవతల లైను ఆపేశారని పుచ్చుకునే హామీ. సముద్రం తరఫున అది ఎవరిచ్చారో బాబాయి చెప్పలేదు.

పైగా దిగడానికి మంచి చోటు కూడా ఆయనే చూపించాడు. "అదిగో, అక్కడ. అటూ ఇటూ అలలు విరిగి నురగలు కక్కుతున్నాయి. మధ్యలో చూడండి, ఎంత నెమ్మదిగా ఉందో. పిల్లలకి అదే బావుంటుంది."

ఆ నెమ్మదైన చోటి వైపు మేం నడుస్తుండగా, దారి చూపిస్తూ ముందు వెళ్తున్న బాబాయి ఎడమ చెప్పు నీళ్ళలో జారిపోయింది. మామూలుగా సముద్రం తీసుకున్న చెప్పుని తరవాతి అలతో మొహాన కొడుతుంది. ఇది రాలేదు. ఆ నెమ్మదైన దారమ్మటే, మలుపూ తడబాటూ లేకుండా, ఎవరో రమ్మని కబురు పెట్టినట్టు నేరుగా లోపలికి బయల్దేరింది. మేం చూస్తుండగానే అలలు విరిగే వరస దాటేసింది.

అంతలో ఈల వినిపించింది. ఎర్ర చొక్కా లైఫ్‌గార్డు కుర్రాడు పరుగెత్తుకొచ్చి పిల్లల్ని వెనక్కి లాగాడు.

"అంకుల్, బోర్డు చూళ్ళేదా? ఇక్కడ కరెంటుంది!"

"లేదు బాబూ. నేను టెస్ట్ చేశాను" అని బాబాయి సాక్ష్యంగా టెస్టరు చూపించాడు.

ఆ కుర్రాడు టెస్టరు వంక చూశాడు, బాబాయి వంక చూశాడు, మా వంక చూశాడు. మాలో ఒక్కడు కూడా అతని కళ్ళలోకి చూడలేదు.

పాపం, ఓపిగ్గానే చెప్పాడు. అలలు నీళ్ళని అదేపనిగా ఒడ్డుకి నెడుతుంటాయి. ఆ నీళ్ళు మళ్ళీ వెనక్కి పోవాలి కదా, ఇసక దిబ్బల మధ్య సందు ఎక్కడ దొరికితే అక్కడ గుంపుగా లోపలికి పరుగెడతాయి. అదే రిప్ కరెంట్. అక్కడ నీళ్ళు లోతు, అలలు సరిగ్గా విరగవు, అందుకే చూడ్డానికి నెమ్మదిగా ఉంటుంది, అందరూ ఏరికోరి అక్కడే దిగుతారు. వేగం ఒక్కోసారి సెకనుకి 8 అడుగులదాకా పోతుంది, ఒలింపిక్ ఈతగాడు కూడా దానికి ఎదురీదలేడు. అది మనిషిని కిందికి లాగదు, లోపలికి మోసుకుపోతుంది. అందులో చిక్కితే ఒడ్డు వైపు ఈదుతూ దమ్ము పోగొట్టుకోకూడదు. తేలుతూ చెయ్యెత్తి పిలవాలి, చేతనైతే ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది ఆ పాయలోంచి బయటపడాలి.

అందరం మెదలకుండా విన్నాం. ఇంజనీరింగు చదివిన తమ్ముడు మాత్రం "ఓ, రిప్ టైడ్!" అన్నాడు, తనకి ముందే తెలుసన్నట్టు.

"టైడ్ కాదు నాయనా" అంటూ వెనకనుంచి గొడుగుతో మాస్టారు దిగారు. ఇక చూసుకోండి. టైడ్ అంటే ఆటుపోట్లనీ, అది చంద్రుడూ సూర్యుడూ కలిసి నడిపే వ్యవహారమనీ, ఒక పోటుకీ మళ్ళీ పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుందనీ, రిప్పుకి అంత తీరిక ఉండదనీ మొదలెట్టారు. స్ప్రింగ్ టైడ్ అంటే వసంతకాలానిది కాదట, నెలనెలా అమావాస్యకీ పున్నమికీ వచ్చే పెద్ద పోటట. లైఫ్‌గార్డు ఈల మెళ్ళో వేసుకుని మెల్లిగా జారుకున్నాడు.

బాబాయి అప్పటికి ఒంటి చెప్పుతో నిలబడి ఉన్నాడు. ఒక కాలికి ఇన్సులేషన్, రెండో కాలికి ఎర్తింగు.

"బావగారూ, అయితే మా కరెంటు పేరు ఈ నీళ్ళకి పెట్టారా?"

"తిరగేశారు బావగారూ. నీళ్ళ పేరే మీకిచ్చారు. లాటిన్లో పరుగెత్తడం అనే మాటలోంచి వచ్చింది. నదీ సముద్రం ఎన్నాళ్ళుగానో వాడుకుంటున్న మాటని, 1820 ప్రాంతాల్లో ఆంపియర్ అనే ఫ్రెంచాయన తీగలో పారేదానికి ఖాయం చేశాడు. మీరు సర్వీసంతా కొలిచిన ఆంపియర్లు ఆయన పేరే. అంతేనా, సర్జ్ అంటే సముద్రం పొంగు, ఎడ్డీ అంటే సుడి, వేవ్ అంటే అల, లీకేజీ సంగతి చెప్పనక్కర్లేదు, ట్రాన్స్‌ఫార్మర్ ట్యాపింగు కూడా కుళాయి మాటే."

బాబాయి కాసేపు ఆ జాబితాని మనసులో కూడుకున్నాడు. "అంటే ఇన్నాళ్ళూ నేను నీటిపారుదల శాఖలో పనిచేసినట్టా?"

తిరుగు ప్రయాణంలో ఆయనకి నీటి మాటలన్నిటి మీదా అనుమానం పట్టుకుంది. ట్యాంకు అంటే మన మేడ మీద ట్యాంకేనా అని అడిగాడు. అదే, కానీ మొదటి ప్రపంచయుద్ధంలో ఇంగ్లీషువాళ్ళు తుపాకుల బండి రహస్యంగా తయారుచేస్తూ, నీళ్ళ తొట్టి చేస్తున్నామని బొంకడానికి ఆ పేరు పెట్టారనీ, 1916 సెప్టెంబరులో అది యుద్ధంలోకి దిగాక బొంకే పేరై కూర్చుందనీ మాస్టారు చెప్పారు. రైవల్ అన్నా లాటిన్లో ఒకే కాలువ నీళ్ళు వాడుకునేవాళ్ళనే అర్థమట. "వియ్యంకులా?" అని బాబాయి అడిగితే మాస్టారు కిటికీలోంచి బయటికి చూశారు.

రాత్రి అందరం పెద్ద హోటలుకి వెళ్ళాం. టై కట్టుకున్న వెయిటరు వంగి, "వాటర్, సర్? స్టిల్ ఆర్ స్పార్క్లింగ్?" అన్నాడు.

"స్టిల్ అంటే ఇంకా నీళ్ళేనా అని వెటకారమా?" బాబాయి మొహం మాడింది.

"కాదు బావగారూ, స్టిల్ అంటే కదలకుండా ఉన్నవి."

బాబాయి మొహం విప్పారింది. "అంటే కరెంటు లేని నీళ్ళు! శుభ్రంగా అవే తెమ్మనండి." నేర్చుకున్న పాఠాన్ని ఇంత త్వరగా వాడేసుకున్నందుకు మాస్టారు ముచ్చటపడ్డారు. ఆ ముచ్చటలో, తనకి మాత్రం స్పార్క్లింగే కావాలన్నారు.

వెయిటరు సీసా తెచ్చి మూత తిప్పాడు. చుస్సుమంది. గ్లాసులో అడుగునుంచి పైకి చిటపటమంటూ బుడగలు లేచాయి. బాబాయి కుర్చీతో సహా వెనక్కి జరిగి, గ్లాసు వైపు వెళ్తున్న మాస్టారి చేతిని గాల్లోనే పట్టుకున్నాడు.

"ముట్టుకోకండి బావగారూ, లూజ్ కాంటాక్టు!"