నెట్‌వర్కే నా గురువు

టీచర్లకు మోటివేషన్ శిక్షణ మళ్ళీ పెడుతున్నారట. 2023 ఏప్రిల్లో ఇచ్చిందే నాకింకా అరగలేదు.

అప్పుడు కోటు తొడుక్కున్న కుర్రాడొకడు వచ్చి బోర్డు మీద త్రిభుజం గీసి, "మీలో అగ్ని రగిలించేది ఏమిటి?" అని అడిగాడు. బయట ఏప్రిల్ ఎండ, లోపల తిరగని ఫ్యాను. అగ్నికి లోటేమీ లేదు. వెనక వరసలోంచి ఒక లెక్కల మాస్టారు చెయ్యెత్తి, "నెట్‌వర్కండీ" అన్నారు.

వెటకారం అనుకున్నాడు పాపం. బతకలేక బడిపంతులు అన్నది పాత మాట. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఆగస్టు నుంచి పంతులు బడికొచ్చాడో లేదో తేల్చేది పిల్లలు కాదు, సొంత డబ్బుతో కొనుక్కున్న ఫోను. దానికి మొహం చూపించాలి. అది గుర్తుపడితే వచ్చినట్టు.

ఆ రోజుల్లో మరుగుదొడ్ల ఫోటోలు కూడా మేమే తీసి యాప్‌లో పంపాల్సొచ్చేది. ఈ కళలో నాకు కొంత ప్రవేశం ఉందని వినయంగా మనవి చేస్తున్నాను. ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు తీస్తే పింగాణీకి మంచి నిగారింపు వస్తుంది. మాది కొండ కింద బడి. సిగ్నల్ నీళ్ళ ట్యాంకు మీదే దొరుకుతుంది. ఒకరోజు ట్యాంకెక్కి, ఫోను ఆకాశానికి ఎత్తి, ఫోటో వెళ్తుందా అని చూస్తున్నా. కింద వంటామె గిన్నె పట్టుకుని నిలబడింది.

"సారూ, గుడ్లు ఉడికినయ్. ఫోటో తీస్తారా, పెట్టెయ్యనా?"

"ఆగమ్మా, ముందు దొడ్డి వెళ్ళనీ!"

పిల్లలు కంచాల్తో కూర్చుని తలెత్తి నన్నే చూస్తున్నారు.

ఇలాంటి పనులు మాకు కొత్త కాదు. 2020 మేలో, కరోనా లాక్‌డౌన్‌లో మూసిన మద్యం దుకాణాలు తెరిచినప్పుడు విశాఖ జిల్లాలో టీచర్లను క్యూల దగ్గర కాపలా పెట్టారు. జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప చదువుతో సంబంధం లేని పనులకు టీచర్లను వాడకూడదని విద్యా హక్కు చట్టం 27వ సెక్షన్ చెబుతోంది. మందు దొరక్కపోవడాన్ని విపత్తు కింద రాసుకుని ఉంటారు.

నేను ట్యాంకెక్కిన రోజే మూడో తరగతి పిల్ల ఒకతి ట్యాంకు కిందకి పలక పట్టుకొచ్చింది. నెల్లాళ్ళుగా 'అమ్మ'కు మ ఒత్తు పడక ఏడ్చిన పిల్ల. ఆ పూట పడింది. నేను చూళ్ళేదు. పైనుంచే "ఉండవే, వస్తున్నా" అని కసిరాను. దిగేసరికి పలక తుడిచేసుకుంది. నన్ను పొద్దున్నే లేపి బడికి తోలేది ఆ పలకయ్యా! నీ త్రిభుజంలో అదెక్కడుంది? ఇద్దరు టీచర్లు, ఐదు తరగతులు. ఆ పిల్ల దగ్గర కూర్చోవడానికి నాకు పది నిమిషాలు మిగల్చకుండా, నాలో అగ్ని లేదని శిక్షణ ఇస్తారా?

శిక్షణ అయ్యాక అభిప్రాయం రాయమని లింకు పంపారు. హాల్లో సిగ్నల్ లేదు. అందరం బయటికొచ్చి చింతచెట్టు కింద ఫోన్లు ఎత్తి నిలబడ్డాం. కోటు కుర్రాడూ వచ్చాడు, తన హాజరు పడలేదట. లెక్కల మాస్టారే పక్కకి జరిగి అరుగు మీద చోటిచ్చారు.