గార్సియాపారా: ఆపకుండా ఆడినందుకే తగ్గిపోయాడు

2020లో బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ (దిగ్గజాల గౌరవ జాబితా) ఓటింగ్‌లో, న్యూయార్క్ యాంకీస్‌కు ఆడిన డెరెక్ జీటర్‌కు 397 ఓట్లకు 396 పడ్డాయి. జీటర్ ఆడిన కాలంలోనే, అదే షార్ట్‌స్టాప్ స్థానంలో, యాంకీస్‌కు బద్ధశత్రువులాంటి బోస్టన్ రెడ్ సాక్స్‌కు ఆడిన నోమార్ గార్సియాపారా పేరు అప్పటికి నాలుగేళ్ల ముందే ఓటింగ్ జాబితాలోంచి తొలగిపోయింది. 2015లో అతనికి వచ్చింది 5.5 శాతం, మరుసటి ఏడాది 1.8 శాతం. ఎన్నిక కావాలంటే 75 శాతం రావాలి, 5 శాతమైనా రాకపోతే పేరే తీసేస్తారు. పదేళ్లు చర్చకు నిలవాల్సిన ఆటగాడు రెండేళ్లలో అయిపోయాడు.

గాయాల వల్ల రికార్డులు చాలలేదు, అంతే కదా అంటారు చాలామంది. అది సగం నిజమే. హాల్ ఆఫ్ ఫేమ్‌కి చిన్న కెరీర్లంటే పడదని కాదు. పైన ఉండగానే ఒక్కసారిగా ఆగిపోయినవాడిని అది నెత్తిన పెట్టుకుంటుంది. దెబ్బ తిన్నాక కూడా ఆడదామని ప్రయత్నించి మెల్లగా తగ్గినవాడిని మాత్రం మర్చిపోతుంది. గార్సియాపారాకు జరిగింది ఇదే.

బేస్‌బాల్ తెలియనివాళ్ల కోసం ఒక మాట. షార్ట్‌స్టాప్ అంటే రెండో బేస్‌కూ మూడో బేస్‌కూ మధ్య నిలబడే ఫీల్డర్. క్రికెట్‌లో పాయింట్‌లో నిలబడేవాడి పనిలాంటిదే, కాకపోతే బంతి ఆపడంతో పని అయిపోదు. పరుగులోనే ఒంటిని తిప్పి మైదానం అవతలి వైపున్న మొదటి బేస్‌కు విసరాలి. మడమ, గజ్జ, మణికట్టు... ఈ స్థానంలో ఆడేవాడికి వీటిలో ఏది పోయినా కష్టమే. ఒక్కొక్కటిగా ఈ మూడూ గార్సియాపారాను దెబ్బతీశాయి.

1997లో అతను బోస్టన్ రెడ్ సాక్స్‌కు తొలి పూర్తి సీజన్ ఆడాడు. 209 హిట్లు (బంతిని కొట్టి బేస్ చేరుకోవడం), 30 హోమ్ రన్లు (మన సిక్సర్ లాంటివి), వరుసగా 30 మ్యాచ్‌లలో హిట్. అక్కడి రెండు పెద్ద లీగ్‌లలో ఒకటైన అమెరికన్ లీగ్‌లో రూకీ ఆఫ్ ది ఇయర్‌గా, అంటే ఉత్తమ కొత్త ఆటగాడిగా ఏకగ్రీవంగా ఎంపికయ్యాడు. ఆ రోజుల్లో షార్ట్‌స్టాప్ నుంచి ఇంత బ్యాటింగ్ ఎవరూ ఆశించేవారు కాదు. ఫీల్డింగ్ బాగుంటే చాలు, బ్యాట్ బోనస్ అనుకునేవారు. గార్సియాపారా, జీటర్, అలెక్స్ రోడ్రిగెజ్ ముగ్గురూ ఒకేసారి వచ్చి ఆ లెక్క మార్చేశారు. ఆ నాలుగేళ్లలో ముగ్గురిలో బ్యాట్‌తో ఎవరు మేలని నన్నడిగితే, సగటు వరకూ తడుముకోకుండా గార్సియాపారా పేరే చెబుతాను. 1997 నుంచి 2000 వరకు కలిపి అతని సగటు .337, అంటే వెయ్యి ప్రయత్నాలకు 337 హిట్లు.

సీజన్ వారీగా చూస్తే ఇంకా ఆశ్చర్యం. 1999లో .357తో బ్యాటింగ్ టైటిల్ (లీగ్‌లో అందరికంటే ఎక్కువ సగటు ఉన్నవాడికి దక్కేది), 2000లో .372తో మళ్లీ టైటిల్. అమెరికన్ లీగ్‌లో కుడిచేతి బ్యాటర్ ఒకరు వరుసగా రెండేళ్లు ఆ టైటిల్ గెలవడం 1939, 1940లలో జో డిమాజియో తర్వాత అదే మొదటిసారి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఏ కుడిచేతి బ్యాటరూ .372 దాకా వెళ్లలేదు. 1999 మేలో ఒకే మ్యాచ్‌లో మూడు హోమ్ రన్లు కొట్టాడు, వాటిలో రెండు గ్రాండ్ స్లామ్‌లు, అంటే మూడు బేస్‌లూ నిండి ఉండగా కొట్టినవి. ప్రతి బంతికీ ముందు గ్లోవ్స్ లాక్కుంటూ, బూట్ల ముందుభాగం నేలకు తట్టుకుంటూ అతను చేసే తంతును బోస్టన్ వీధుల్లో పిల్లలు అచ్చం అలాగే చేసేవారు.

1999 సెప్టెంబర్ 25న బాల్టిమోర్ పిచర్ (బ్యాటర్‌కు బంతి విసిరేవాడు) ఆల్ రేయెస్ వేసిన బంతి అతని కుడి మణికట్టుకు తగిలింది. ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. .372 వచ్చింది ఆ దెబ్బ తర్వాతి ఏడాదే. దాంతో మణికట్టు సంగతి అందరూ మర్చిపోయారు. 2001 వసంతంలో నొప్పి తిరగబెట్టింది, టెండన్‌కు సర్జరీ చేయాల్సి వచ్చింది. ఆ ఏడాది ఆడింది 21 మ్యాచ్‌లే.

'పెళుసు ఆటగాడు' అనే ముద్ర అప్పుడే పడింది. కానీ ఆ తర్వాత 2002లో 156, 2003లో 156 మ్యాచ్‌లు ఆడాడు. మొత్తం 162లో. ఇది పెళుసుతనమా? 2002లో తన పుట్టినరోజున రెండు ఇన్నింగ్స్‌లలోనే మూడు హోమ్ రన్లు కొట్టాడు. సగటు మాత్రం .310కి, తర్వాత .301కి దిగింది. వేరే ఎవరికైనా అది గొప్ప సీజనే, అతనికి మాత్రం దిగజారినట్టు కనిపించింది.

2003 డిసెంబర్‌లో రోడ్రిగెజ్‌ను తెచ్చుకోవడానికి బోస్టన్ దాదాపు బేరం కుదుర్చుకుంది. అది కుదిరితే గార్సియాపారాను షికాగో వైట్ సాక్స్‌కు పంపేయాలన్నది ఆలోచన. రోడ్రిగెజ్ జీతం కోతకు ఆటగాళ్ల సంఘం ఒప్పుకోకపోవడంతో బేరం చెడింది. అప్పుడే పెళ్లయిన గార్సియాపారాకు తన జట్టు తనను వదిలించుకోవాలనుకుంటోందని పేపర్లు చూస్తేనే తెలిసే పరిస్థితి. ఆ తర్వాత అతను ముభావంగా ఉన్నాడని రాసినవాళ్లు ఇదీ కలిపి రాసి ఉంటే బాగుండేది.

2004లో మడమ వెనక ఉండే అకిలిస్ టెండన్ దెబ్బతింది. మొదటి 57 మ్యాచ్‌లు ఆడలేకపోయాడు. జూలై 1న యాంకీస్‌తో మ్యాచ్ మామూలు తొమ్మిది దాటి 13 ఇన్నింగ్స్‌ల దాకా సాగింది. బంతి పట్టుకునే ఊపులో జీటర్ ప్రేక్షకుల సీట్లలోకి దూకి, ముఖం మీద దెబ్బలతో లేచాడు. గార్సియాపారా ఆ రోజు ఆడలేదు. ఆ రోజు కనిపించిన ఆ రెండు ముఖాలే అతని మీద తీర్పు రాసేశాయని నా అభిప్రాయం. జూలై 31న నాలుగు జట్ల మధ్య జరిగిన మార్పిడిలో అతను షికాగో కబ్స్‌కు వెళ్లాడు. బదులుగా బోస్టన్‌కు ఓర్లాండో కాబ్రెరా, డగ్ మింట్‌కీవిచ్ వచ్చారు. అప్పటికి 38 మ్యాచ్‌లలో అతని సగటు .321.

మేనేజ్‌మెంట్ చేసింది తప్పని నేననను. ఫీల్డింగ్ గట్టిపడాలి, అతని కాలు సహకరించడం లేదు, సీజన్ చివర్లో కాంట్రాక్టు కూడా ముగిసిపోతుంది. ఆ అక్టోబర్‌లో యాంకీస్ చేతిలో 0-3తో వెనకబడి నాలుగు వరుసగా గెలిచి, 86 ఏళ్ల తర్వాత రెడ్ సాక్స్ టైటిల్ కొట్టింది. టైటిల్ గెలిచిన జట్టువాళ్లకిచ్చే ఉంగరం అతనికీ ఇచ్చారు. నా అభ్యంతరం వేరే: మార్పిడి ఫలించింది కాబట్టి అతనే జట్టుకు అడ్డంకిగా ఉన్నాడన్న కథ అల్లారు. నొప్పితో ఉన్నవాడిని నొప్పించేవాడిగా మార్చేశారు.

2005 ఏప్రిల్‌లో గజ్జ కండరం చిరిగింది. అక్కడితో షార్ట్‌స్టాప్‌గా దాదాపు ముగిసినట్టే. 2006లో డాడ్జర్స్‌కు వెళ్లి మొదటి బేస్ దగ్గర ఆట నేర్చుకున్నాడు, .303 సగటుతో నేషనల్ లీగ్ కమ్‌బ్యాక్ అవార్డు గెలిచాడు. సెప్టెంబర్ 18న పాడ్రెస్‌పై డాడ్జర్స్ తొమ్మిదో ఇన్నింగ్స్‌లో వరుసగా నాలుగు హోమ్ రన్లు కొట్టి సమం చేస్తే, పదో ఇన్నింగ్స్‌లో ఇతను కొట్టిన హోమ్ రన్‌తో 11-10తో గెలిచింది. తర్వాతి మూడేళ్లు చెప్పుకోవడానికేమీ లేవు. 2008లో 55 మ్యాచ్‌లు, 2009లో ఓక్లాండ్‌కు 65. 2010 మార్చిలో బోస్టన్‌తో ఒక్కరోజు కాంట్రాక్టు రాసుకుని రిటైరయ్యాడు. మొత్తం 1,747 హిట్లు, సగటు .313.

ఇప్పుడు అతని పక్కన ఇంకో ఇద్దరిని పెట్టి పోల్చి చూడండి. పిచర్ శాండీ కూఫాక్స్ 1966లో 27 మ్యాచ్‌లు గెలిచి, మోచేతి నొప్పితో 30 ఏళ్లకే మానేశాడు. మొత్తం 165 విజయాలే. 1972లో హాల్‌లో ఉన్నాడు. కర్బీ పకెట్ 1995లో .314 కొట్టి, మరుసటి ఏడాది కంటిచూపు పోయి ఆగిపోయాడు. 2001లో తొలి ప్రయత్నంలోనే ఎన్నికయ్యాడు. పకెట్‌కు 2,304 హిట్లు ఉన్నాయి కాబట్టి పోలిక పూర్తిగా సమానం కాదు, ఒప్పుకుంటాను. కానీ ఆ ఇద్దరి చివరి పేజీ శిఖరం మీద ఉంది. గార్సియాపారా కూడా 2003 చివర్లో మానేసి ఉంటే, మనకు మిగిలేది రెండు టైటిళ్ల ఆటగాడి కథ. తర్వాత ఆడిన ఆరేళ్లు హిట్లు చేర్చాయి, కథను మాత్రం చెడగొట్టాయి.

అతన్ని హాల్‌లో చేర్చి తీరాలని నా వాదన కాదు. 1,434 మ్యాచ్‌లు తక్కువే, జీటర్ ఆడినవి 2,747. పైగా 2015 జాబితాలో రాండీ జాన్సన్, పెద్రో మార్టినెజ్ లాంటివాళ్లు ఉన్నారు, ఒక్కో ఓటరుకు పది పేర్లే రాసే వీలు. అయినా రెండేళ్లకే కొట్టేయడం అన్యాయం. అదే తీరు ఇప్పటికీ సాగుతోంది. ఎక్కువ కాలం కొలరాడోకు ఆడి, కెరీర్ మొత్తంలో 225 హోమ్ రన్లు కొట్టిన షార్ట్‌స్టాప్ ట్రాయ్ టులోవిట్జ్‌కీని తొడ, మణికట్టు, గజ్జ, తుంటి, చివరికి రెండు మడమలూ ఒకదాని తర్వాత ఒకటి ఆపాయి. 2018 సీజన్ మొత్తం పోయినా, 2019లో యాంకీస్‌కు అయిదు మ్యాచ్‌లు ఆడి గానీ మానలేదు. 2025లో అతని పేరు తొలిసారి ఓటింగ్‌కు వచ్చింది, ఆ ఒక్క ఏడాదితోనే జాబితా నుంచి పోయింది.