మాక్రోకి బొట్టు పెట్టి పిలుపు

బొట్టు పెట్టి పిలవని పేరంటానికి మా అమ్మమ్మ గడప దాటేది కాదు. ఎక్సెల్‌లో ఒక మాక్రో, అంటే పనులు వాటంతటవే జరిగేలా రాసుకునే చిన్న ప్రోగ్రాం, ఇంకో మాక్రోను పిలిచేటప్పుడు ఆ పట్టింపు ఏమైపోతోందన్నదే నా బెంగ.

1993లో ఎక్సెల్ 5తో మాక్రోలు రాసే భాష వీబీఏ వచ్చింది. ఇప్పటి కుర్రాళ్లు లైన్లో పేరొక్కటే రాసి పడేస్తారు, 'ఒరే సుబ్బిగా' అన్నట్టు. దారుణమేమిటంటే ఆ సుబ్బిగాడు వచ్చేస్తాడు! పాతకాపులు పేరుకు ముందు 'కాల్' అని రాస్తారు. అదే బొట్టు. వచ్చేది ఎలాగూ ఆ మనిషే, జరిగేది ఆ పనే.

తగువంతా బ్రాకెట్ల దగ్గర. బొట్టు పెడితే ఆర్గ్యుమెంట్లను, అంటే పిలిచిన మాక్రో చేతికిచ్చే సరుకును, బ్రాకెట్లలో పెట్టి పంపాలి, పెట్టకపోతే బ్రాకెట్లు వద్దు. బొట్టు లేకుండా బ్రాకెట్లు పెట్టారనుకోండి, రెండు ఆర్గ్యుమెంట్లయితే లైను ఎర్రబడి గొడవ అక్కడే తేలిపోతుంది. ఒక్కటే అయితే ఎవరూ నోరెత్తరు, కానీ అసలుకు బదులు నకలు వెళ్తుంది. మెరుగు పెట్టమని గొలుసు పంపితే, వాళ్లు దాని నకలుకు మెరుగు పెట్టి ఊరుకుంటారు. మన గొలుసు మాసినట్టే ఉంటుంది. నేను దీనికి ఒక ఆదివారం సమర్పించుకున్నాను.

ఇక 'అప్లికేషన్ డాట్ రన్' అనే పెళ్లిళ్ల పేరయ్య ఉన్నాడు. కొటేషన్లలో పేరు రాసిస్తే చాలు, పక్క వర్క్‌బుక్ నుంచైనా పిలుచుకొస్తాడు. వెంట 30 ఆర్గ్యుమెంట్ల దాకా మోస్తాడు. 'ప్రైవేట్' అని తలుపేసుకున్న మాక్రోను పక్క మాడ్యూలు (మాక్రోలు రాసిపెట్టుకునే పేజీ) వాళ్లు పేరు పెట్టి పిలవలేరు కదా, ఈయన దాన్నీ బయటికి లాగుతాడు. కాకపోతే చీటీలో అక్షరం తప్పుంటే కంపైల్ చేసినప్పుడు, అంటే నడపకముందే తప్పులు వెతికేటప్పుడు, చెప్పడు. తీరా ముహూర్తం వేళకి ఎర్రర్ 1004 అని చేతులెత్తేస్తాడు.

మాక్రోలు ఒకదాన్నొకటి ఆగకుండా పిలుచుకుంటే? మర్యాదలు మితిమీరి, ముగియని పిలుపులను గుర్తుపెట్టుకునే చోటు, అదే స్టాక్, నిండిపోతుంది, ఎర్రర్ 28. 'మీరు ముందు', 'కాదు మీరే ముందు' అంటూ బస్సు వదులుకున్న వియ్యంకుల్లాగా.

మా ఆఫీసు జీతాల షీటూ పేరయ్యనే నమ్ముకుంది. అది రాసినాయన మానేసి వెళ్లిపోయాడు. చీటీలో ఫైలు పేరు 'ఫైనల్ కొత్తది 2'. ఒక నెలాఖరున ఎవరో శుభ్రత కోసం అందులో స్పేసులు తీసేశారు. జీతాలు రెండు రోజులు ఆగాయి. ఇప్పుడు గోడ మీద కాగితం అంటించారు: 'ఈ ఫైలు పేరు ఎవరూ మార్చరాదు'. దానికి మాత్రం ఎవరో పసుపు, కుంకుమ పెట్టారు.